మిర్చి ఫోటోలలో పోయిన ముడతలు తిరిగి వచ్చిన విధం

గుంటూరు మిర్చి యార్డులో నేను తీసిన ఫోటోలన్నిటిలోనూ తేజ రకం కాయల రాశులు ఎర్రరంగు పూసిన గోడల్లా కనిపించేవి; కాయ మీది ముడత గాని, తొడిమ పక్కన పడే సన్నని నీడ గాని మిగిలేది కాదు. లోపం ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉందనుకుని నెల రోజుల్లో నాలుగు మార్చాను, ప్రతిదానిలోనూ మొదట శాచురేషన్‌నే, అంటే రంగుల గాఢతనే పెంచేవాణ్ణి.

చివరకు ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్ అనే సాఫ్ట్‌వేర్ ఒక్కదాన్నే పట్టుకుని కూర్చున్నప్పుడు, ఫోటోలో ఏ రంగు ఎంత వెలుగులో ఉందో చూపే హిస్టోగ్రామ్ అనే పటంలో ఎరుపు గీత కుడి అంచుకు అతుక్కుపోయి ఉండటం గమనించాను. మామూలు ఫోటో ఫైలు అయిన జేపీఈజీలో ఒక్కో రంగుకు 256 స్థాయిలే ఉంటాయి కనుక, ఎరుపు 255 దగ్గర ఆగిపోయిన చోట ఏ స్లైడరూ వివరాన్ని తిరిగి తేలేదు. కెమెరా సెన్సరు పట్టిన వెలుగును దాదాపు యథాతథంగా దాచే 14 బిట్ల రా ఫైలులో 16,384 స్థాయిలు ఉంటాయి, కానీ అక్కడ కూడా వెలుగు హద్దు దాటకూడదు. అందుకే మర్నాడు ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాప్ తగ్గించి, అంటే కెమెరాలోకి వెళ్ళే వెలుగును సగం చేసి, రా లోనే తీశాను. ఇంటికి వచ్చి, గోనెసంచి రంగు కంటికి కనిపించినట్టే వచ్చేవరకు వైట్ బ్యాలెన్స్ సరిచేసి, శాచురేషన్ జోలికి పోకుండా నీడలను మాత్రం కొద్దిగా పైకి తెచ్చాను. ముడతలు ఒక్కొక్కటిగా తేలాయి. ఆ క్షణంలో నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కొత్తవారికి డార్క్‌టేబుల్ మొదట కష్టంగానే ఉంటుంది. అయినా నేను దాన్నే సూచిస్తాను, ఎందుకంటే అది మన మార్పులను విడిగా ఎక్స్‌ఎంపీ ఫైలులో రాసుకుంటుందే తప్ప అసలు ఫోటోను ముట్టుకోదు. ఫ్రేములోకి వచ్చిన తాడు ముక్కను చెరిపివేయడం వంటి పనులకు జింప్ అనే మరో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను, అదీ ఉచితమే.