ప్లానెట్ శాటిలైట్ నమూనాను థర్మోకోల్‌తో తయారుచేసే విధానం

యుద్ధానంతర బ్రిటన్‌లో రూపొందిన ప్లానెట్ శాటిలైట్ చూడముచ్చటైన నాలుగు సీట్ల విమానం. మెగ్నీషియం మిశ్రలోహంతో చేసిన ఈ విమానానికి వీ ఆకారపు తోక ఉండేది. 250 అశ్వశక్తి ఇంజిను క్యాబిన్ వెనుక ఉండి, పొడవాటి షాఫ్టు ద్వారా తోక చివరి ప్రొపెల్లరును తిప్పేది. 1949లో గాలిలోకి లేచినప్పటికీ, దిగాక అడుగుభాగపు దూలం పగిలినట్లు తేలడంతో ఉత్పత్తి దాకా వెళ్లలేదు.

విజయవాడ బీసెంట్ రోడ్డు దుకాణాల్లో 5 మి.మీ. థర్మోకోల్ షీటు కొని, 30 సెం.మీ. శరీరాన్ని, 38 సెం.మీ. పొడవు, 6 సెం.మీ. వెడల్పు గల రెక్కను కత్తిరించండి. అతికించడానికి తెల్ల ఫెవికాల్ మాత్రమే వాడండి; ఘాటైన జిగురు థర్మోకోల్‌ను కరిగిస్తుంది. రెక్క కొనలను 2 సెం.మీ. ఎత్తి, తోక పలకల మధ్య సుమారు 110 డిగ్రీల కోణం ఉంచండి.

అసలు కష్టం సమతౌల్యంలోనే ఉంది. తోక చివర అట్ట ప్రొపెల్లరు అంటించగానే బరువు వెనక్కు జారుతుంది కాబట్టి, రెక్క ముందంచు నుంచి దాని వెడల్పులో నాలుగో వంతు దగ్గర వేళ్లపై నిలిచేదాకా ముక్కుకు బంకమట్టి పెట్టండి. నాకైతే అనుకున్నదానికి రెట్టింపు మట్టి పట్టింది. గాలి లేని తెల్లవారుజామున కృష్ణ ఒడ్డున విసరండి. ముక్కెత్తి ఆగిపోతే మట్టి పెంచండి, నేరుగా కూలితే తగ్గించండి, పక్కకు తిరిగితే తోక పలకల కోణాలు సరిచూడండి.