నైలాన్ ముక్కని ముందు ఆరబెట్టండి

డీఎంఏలో, అంటే పదార్థాన్ని వేడిచేస్తూ ఊపుతూ దాని గట్టిదనం కొలిచే మెషీన్‌లో, నైలాన్ 6 పరీక్షించేవాళ్లకు ఒక మాట. శాంపిల్‌ని బల్ల మీంచి తీసి నేరుగా బిగించేయకండి. నైలాన్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. ఆ నీరు నైలాన్ అణువుల గొలుసుల మధ్య హైడ్రోజన్ బంధాల్లో దూరి ప్లాస్టిసైజర్‌లా, అంటే ప్లాస్టిక్‌ని మెత్తబరిచే పదార్థంలా, పనిచేస్తుంది. పొడిగా ఉంటే సుమారు 50–60 డిగ్రీల సెల్సియస్ దగ్గర రావాల్సిన గ్లాస్ ట్రాన్సిషన్ (గట్టిగా ఉన్న ప్లాస్టిక్ మెత్తబడే దశ) గది ఉష్ణోగ్రతకి, ఒక్కోసారి ఇంకా కిందికి జారిపోతుంది. వానాకాలంలో తీసిన నా రిలాక్సేషన్ కర్వ్‌లు (సాగదీసి పట్టుకున్న ముక్కలో ఒత్తిడి సమయంతో ఎలా తగ్గుతుందో చూపే గీతలు) ఎండాకాలం వాటితో కలవక వారం రోజులు పాపం మెషీన్‌నే తిట్టుకున్నాను. 80 డిగ్రీల వాక్యూమ్ ఓవెన్‌లో రాత్రంతా ఉంచి, సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లోనే (తేమ చేరనివ్వని మూతపాత్ర) చల్లారనివ్వండి. మధ్యమధ్యలో తూకం వేసి రాసుకోండి. బరువు ఇంకా తగ్గుతోందంటే ఆరలేదన్నమాట. తేమని పెద్దగా పీల్చుకోని పాలీప్రొపిలీన్‌కి ఇంత తంటా లేదు.