ప్లాన్‌లో రాసిన నెట్ స్పీడ్ ఇంట్లో ఎందుకు రాదు, ఎక్కడ పోతోందో పట్టుకోవడం ఎలా

నెట్ స్లో అనిపించగానే చాలామంది కస్టమర్ కేర్‌కి ఫోన్ కొడతారు, లేదంటే ఏకంగా పెద్ద ప్లాన్‌కి మారిపోతారు. రెండూ కాసేపు ఆపండి. చాలా ఇళ్లల్లో బయట నుంచి వచ్చే లైన్ బాగానే ఉంటుంది, తేడా అంతా రూటర్‌కీ మీ ఫోన్‌కీ మధ్యలోనే ఉంటుంది, అలాంటప్పుడు ప్లాన్ పెంచితే డబ్బులు పోతాయి తప్ప ఒరిగేదేం ఉండదు.

ముందు లెక్క ఒకటి చూసుకోండి. ప్లాన్‌లో రాసే ఎంబీపీఎస్ అంటే మెగాబిట్స్, డౌన్‌లోడ్ అవుతున్నప్పుడు స్క్రీన్ మీద కనిపించేది ఎక్కువగా మెగాబైట్స్. 8 బిట్లు కలిస్తే ఒక బైట్, అంటే 100 ప్లాన్ తీసుకున్నవాళ్లకి ఫైల్ దిగే స్పీడ్ సెకనుకి 12.5 మెగాబైట్స్ దాటదు, అందులోనూ డేటాతో పాటు వెళ్లే అడ్రస్ సమాచారం కొంత తినేస్తుంది కాబట్టి 11 పైచిలుకు వస్తే మీకు రావాల్సింది వచ్చేస్తున్నట్టే.

లెక్క సరిపోయినా తక్కువే వస్తోందంటే ఇక వైఫై పక్కనపెట్టి ల్యాప్‌టాప్‌ని ల్యాన్ కేబుల్‌తో నేరుగా రూటర్‌కి కలపండి. ఇంట్లో టీవీలు, మిగతా ఫోన్లు నెట్ వాడకుండా చూసుకుని, వీపీఎన్ (నెట్‌ని వేరే సర్వర్ మీదుగా తిప్పే యాప్) ఉంటే ఆపేసి స్పీడ్ టెస్ట్ చేయండి. నా ఉద్దేశంలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, దీన్ని మాత్రం వదిలేయొద్దు. వైర్‌తో పూర్తి స్పీడ్ వచ్చిందా, సమస్య మీ వైఫైది. వైర్‌తో కూడా రాలేదా, కేబుల్, పోర్ట్, రూటర్, లైన్, వీటిల్లో ఏదో ఒకటి.

వైర్ మీద 93, 94 దగ్గర అంటుకుపోయి ఎన్నిసార్లు చేసినా కదలట్లేదు, ప్లాన్ చూస్తే 200 లేదా 300, అంటే మధ్యలో ఏదో 100 దగ్గర ఆగిపోయిందని దాదాపు ఖాయం. నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ అని ఉంటుంది, అక్కడ 1000 ఉండాల్సింది 100 చూపిస్తుంది. రూటర్ పోర్ట్ పాతకాలందైనా కావచ్చు, కేబుల్ అయినా కావచ్చు. కేబుల్ చివర ఉండే ప్లాస్టిక్ క్లిప్పులోకి తొంగి చూస్తే లోపల 8 సన్నటి రంగు వైర్లు కనిపిస్తాయి. 100 స్పీడ్‌కి వాటిలో 4 చాలు, గిగాబిట్‌కి, అంటే 1000కి మాత్రం 8 కావాలి, అందుకే తలుపు సందులో నలిగి మిగతా 4లో ఒక్క వైర్ తెగినా నెట్ ఆగదు, చప్పుడు లేకుండా 100కి పడిపోవచ్చు, మీకేమో అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది! కేబుల్ మార్చి చూడండి, క్యాట్ 5ఇ లేదా క్యాట్ 6 రకం కేబుల్ చాలు, ఇంకా ఖరీదైనది అక్కర్లేదు.

ఇక వైఫై. రూటర్ డబ్బా మీద 1200 అని ఉంటే అది సాధారణంగా రెండు బ్యాండ్లదీ (వైఫై వాడే 2.4, 5 గిగాహెర్ట్జ్ రేడియో తరంగాలవి) కలిపి వేసిన లెక్క, 2.4లో 300, 5లో 867, అదీ ల్యాబ్ స్పీడే, ఇంట్లో దాంట్లో సగం వచ్చినా బాగా వచ్చినట్టే. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటుకుని దూరం పోతుంది కానీ చుట్టుపక్కల ఇళ్ల వైఫైలు, బ్లూటూత్, మైక్రోవేవ్ ఓవెన్ అన్నీ అక్కడే కొట్టుకుంటాయి, ఒకదాని మీద ఒకటి పడకుండా వాడుకోడానికి మామూలుగా 1, 6, 11 ఈ మూడు ఛానెళ్లే దిక్కు. రూటర్ దగ్గర్లో ఉంటే 5కి మారండి, స్పీడ్ చాలా ఎక్కువ, కాకపోతే రెండు గోడలు అడ్డొస్తే నీరసపడిపోతుంది. రూటర్‌ని టీవీ వెనకాల, ఇనప బీరువా పక్కన దాచొద్దు, ఇంటి మధ్యలో కాస్త ఎత్తులో పెట్టండి. ఎక్కడో మూల గదిలో పాత ఫోన్ ఒకటి బలహీనమైన సిగ్నల్‌తో వీడియో లాగుతుంటే ఆ బ్యాండ్‌లో ఉన్న మిగతావాళ్ల టైమ్ కూడా అదే తినేస్తుంది, ఈ సంగతి చాలామందికి తట్టదు.

పగలు బాగుండి సాయంత్రం మాత్రమే పడిపోతోందా, అయితే తప్పు మీ ఇంట్లో ఉండకపోవచ్చు. ఎక్కువగా వాడే జీపాన్ అనే ఫైబర్ పద్ధతిలో ఒక లైన్‌కి కిందికి వచ్చే కెపాసిటీ సుమారు 2.5 గిగాబిట్స్, దాన్ని 32 లేదా 64 ఇళ్ల దాకా పంచుతారు, అందరూ ఒకేసారి వీడియోలు పెడితే వాటా తగ్గొచ్చు, దాని పైన కంపెనీ నెట్‌వర్క్ ఇరుకైనా ఇంతే. ప్రకటనలో "అప్ టు" అని రాసేది అందుకే. నెలాఖరుకి ఒక్కసారిగా పడిపోతే డేటా లిమిట్ దాటారేమో అకౌంట్‌లో చూడండి. స్పీడ్ టెస్ట్ బాగా వచ్చి ఒక్క సైట్ మాత్రమే మెల్లగా ఉంటే ఆ సైట్ సర్వరే అంత ఇస్తోంది.

ఇవన్నీ చూశాక కూడా వైర్ మీద తక్కువే వస్తోందంటే అప్పుడు కంప్లైంట్ పెట్టండి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి వేళల్లో కొన్ని రోజుల పాటు వైర్‌తో తీసిన టెస్ట్ స్క్రీన్‌షాట్లు టైమ్ కనిపించేలా దాచుకోండి, "రూటర్ రీస్టార్ట్ చేయండి" అనగానే వైర్‌తో చూశాను, కేబుల్ మార్చాను, లింక్ 1000 చూపిస్తోంది అని చెప్పి లైన్ చెక్ చేయించమని అడగండి, కంప్లైంట్ నంబర్ తీసుకోకుండా మాత్రం ఫోన్ పెట్టేయకండి.