వంటల బ్లాగు నడుస్తోంది, డబ్బులు మాత్రం రావట్లేదు: ఏం చూసుకోవాలి

ఒడిశాలోని గుణుపురం, రాయగడ, పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి తెలుగులో వంటలు రాసేవాళ్ళు నన్ను అడిగేది ఎప్పుడూ ఒకటే. "అన్నీ సరిగ్గానే చేశాను, డబ్బులు ఎందుకు రావట్లేదు?" బ్లాగు తెరవడం, ఫొటోలు ఎక్కించడం, ప్రకటనల కోడ్ అతికించడం మీకు వచ్చనే అనుకుంటున్నాను, అవి మళ్ళీ చెప్పను.

ఏదైనా మార్చే ముందు యాడ్‌సెన్స్ (మన బ్లాగులో ప్రకటనలు వేసి డబ్బులిచ్చే గూగుల్ సేవ) తెరిచి, మొదటి పేజీలో పైన నోటీసు ఏమైనా ఉందేమో చదవండి. దయచేసి చదవండి. జనం థీమ్ మారుస్తారు, బ్లాగు పేరు మారుస్తారు, ఎవరికో డబ్బులిచ్చి సైటంతా మళ్ళీ కట్టిస్తారు, చివరికి నా దగ్గరికి వచ్చాక తెరిచి చూస్తే కారణం మూడు నెలల నుంచి అక్కడే రాసి ఉంటుంది. మెయిల్ కూడా వచ్చి ఉంటుంది, ప్రమోషన్స్ ట్యాబ్‌లో ఎవరూ తెరవకుండా పడి ఉంటుంది.

సమస్య: రాస్తూనే ఉన్నాం, చదివేవాళ్ళే లేరు

సెర్చ్ ఇంజిన్లకు కనిపించకూడదనే సెట్టింగ్ ఆన్‌లో ఉండిపోయిందేమో చూడండి. వర్డ్‌ప్రెస్‌లో రీడింగ్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, సైటు కట్టేటప్పుడు టిక్కు పెట్టి తీయడం మర్చిపోతారు. అది బాగానే ఉంటే తప్పు పేర్లలో ఉంటుంది. మా ఇంట్లో చోళ్ళు అంటాం, కిందికి వెళ్తే రాగులు అంటారు, పక్కింటి ఒడియావాళ్ళు మండియా అంటారు. మీరేమో చోడి అంబలి మీద అంత మంచి పోస్టు రాసి దానికి "వేసవి అమృతం" అని పేరు పెడతారు. ఆ మాట కొట్టి అంబలి వెతికేవాళ్ళు ఎవరున్నారు? శీర్షికలో వంట పేరే ఉండాలి, మొదటి పేరాలో మిగతా రెండు పేర్లూ రావాలి. ఇక్కడి పిల్లలు చాలామంది ఒడియా మీడియంలో చదువుకున్నవాళ్ళు. తెలుగు చక్కగా మాట్లాడతారు, వెతకడం మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే. అందుకని పేజీ చిరునామాను ఇంగ్లీషు అక్షరాల్లో మీరే టైప్ చేయండి. శీర్షిక తెలుగులో ఉంటే బ్లాగర్ దానికి 'బ్లాగ్-పోస్ట్' అని ఊరూ పేరూ లేని చిరునామా ఇచ్చేస్తుంది, వర్డ్‌ప్రెస్‌లో అయితే వాట్సాప్‌లో పంపినప్పుడు శాతం గుర్తులతో మూరెడు పొడవు వస్తుంది.

సమస్య: బాగానే వస్తున్నాయి, ఉన్నట్టుండి ప్రకటనలు మాయం, లేదా నెలాఖరుకి లెక్క సగానికి సగం తగ్గిపోయింది

దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను, ఎందుకంటే ఇది నన్ను బాగా దెబ్బ తీసింది. పైకి అసలు కనిపించని కారణం ఇది.

2022లో ఉగాది పోస్టులు పెట్టాక మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టాను. బ్లాగు చూడండి, అందులో వచ్చే ప్రకటనల వల్లే నాకు నాలుగు డబ్బులు, మీ ఆదరణ కావాలి అని. అందులో తప్పుందని అప్పుడు తోచలేదు. ఆ నెల సంపాదన పేజీలో 31 డాలర్లు కనిపిస్తే ఎంత సంబరపడ్డానో. నెల తిరిగాక ఖరారైన లెక్కలో 9 డాలర్లే మిగిలాయి, ఆ తర్వాతి వారం ప్రకటనలు దాదాపు ఆగిపోయాయి. కోడ్ చూశాను, థీమ్ చూశాను, రెండు రాత్రులు నిద్ర లేదు. రిపోర్టులో రోజుకు నాలుగైదు ఉండే క్లిక్కులు అరవై దాటాయని మూడో రోజు గానీ నా కంట పడలేదు.

ఆ క్లిక్కులు ఎవరివో ఒక పెళ్ళిలో తెలిసింది. రాయగడలో మా పెద్దత్త. సాయంత్రం దీపం పెట్టాక కళ్ళజోడు తగిలించుకుని, ఫోను మోకాలి మీద ఆనించి, నా పోస్టు తెరిచి, కనిపించిన ప్రకటననల్లా వేలితో నొక్కి, అది పూర్తిగా తెరుచుకునే దాకా ఆగి, వెనక్కి వచ్చి ఇంకోటి నొక్కేది. "రోజూ నీ కోసం నొక్కుతున్నానే, ఒక్క రోజు కూడా తప్పలేదు" అంది. అంత ప్రేమగా చెప్పే మనిషికి ఏమని చెప్పాలి? గ్రూపులో ఆమెలాంటి వాళ్ళు ఇంకో ఎనిమిది మంది తేలారు.

సొంత ప్రకటనలు మనం నొక్కకూడదు, నొక్కమని ఎవరినీ అడగకూడదు. "ఆదరించండి" అని ప్రకటన పక్కన రాయడం కూడా అడగడం కిందికే వస్తుంది. ఇలాంటి క్లిక్కుల సొమ్ము ప్రకటన ఇచ్చినవాళ్ళకు వెనక్కి పోతుంది, అందుకే ముందు కనిపించే అంచనాకీ నెలాఖరు లెక్కకీ తేడా వస్తుంది. పైగా 2024 నుంచి యాడ్‌సెన్స్ డబ్బు లెక్కగట్టేది ప్రధానంగా ప్రకటన ఎన్నిసార్లు కనిపించిందన్న దాన్ని బట్టి. అంటే అత్తయ్య నొక్కుడు వల్ల వచ్చేది ఏమీ లేకపోగా ఖాతాకే ఎసరు.

ఇలా సరిచేసుకోండి. గ్రూపులో పెట్టిన మెసేజ్ వెనక్కి తీసుకుని, ఎందుకో ఫోన్ చేసి చెప్పండి, మెసేజ్‌లో రాస్తే సగం మందికి అర్థం కాదు. నేను అత్తతో "వంట చదువు, చేసి చూడు, ఎలా కుదిరిందో కింద రాయి, నాకు అదే చాలు" అన్నాను. ఇప్పుడు మా పనసపొట్టు ఆవకూర పోస్టు కింద ఉన్న మంచి సలహాలు సగం ఆమెవే. తర్వాత పాత పోస్టుల్లో, వీడియోల కింద "ప్రకటనలు చూసి ప్రోత్సహించండి" లాంటి వాక్యాలు ఎక్కడున్నా తీసేయండి. పదార్థాల పట్టికకు ఆనుకుని ప్రకటన పెట్టకండి, ఎందుకంటే వంట చేస్తూ పిండి చేత్తో ఫోను జరిపేటప్పుడు వేలు తగిలేది సరిగ్గా అక్కడే. ఆ వేలు మీదీ కావచ్చు. సొంత వంటే అయినా కొలతలు కాగితం మీద రాసుకుని పొయ్యి దగ్గర పెట్టుకోండి.

ఆ పైన ఓపిక పట్టడమే. ఇలాంటి క్లిక్కులు చూసి యాడ్‌సెన్స్ ప్రకటనల మీద పెట్టే పరిమితి మామూలుగా 30 రోజుల లోపు తొలగుతుంది, ఒక్కోసారి ఇంకా పడుతుంది. ఈలోగా టెన్షన్ పడి ఇంట్లో ఇంకొకరి పేరుతో ఖాతా తెరిచి అదే సైటుకు తగిలించకండి, ఉన్నదీ పోతుంది. "నీది నేను చూస్తా, నాది నువ్వు చూడు" అనే గ్రూపులదీ ఇదే రోగం, వెంటనే బయటికి రండి. అమెజాన్ లింకులు పెట్టేవాళ్ళు కూడా గుర్తుంచుకోండి, మీ లింకు మీద వదినో తమ్ముడో మిక్సీ కొంటే దానికి కమిషన్ లెక్కలోకి రాదు.

సమస్య: లెక్కలో డబ్బు ఉంది, బ్యాంకులో పడలేదు

100 డాలర్లు దాటిందా? దాటకపోతే రాదు, తర్వాతి నెలకు జమవుతూ పోతుంది. దాటితే 21, 26 తేదీల మధ్య పంపుతారు, బ్యాంకులో పడటానికి ఇంకొన్ని రోజులు పట్టవచ్చు. 10 డాలర్లు దాటినప్పుడు చిరునామా సరిచూడటానికి పోస్టులో ఒక పిన్ వస్తుంది, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. అది ఆరు అంకెలు, మన పోస్టల్ పిన్ కోడూ ఆరు అంకెలే, ఒకావిడ ఊరి పిన్ కోడే మూడుసార్లు కొట్టారు. మూడుసార్లు తప్పు కొడితే ప్రకటనలు ఆగిపోతాయి. చిరునామాలో పోస్టాఫీసు పేరు తప్పకుండా రాయండి, పోస్ట్‌మ్యాన్‌కు ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ఇక పేరు. మన వైపు దీనితోనే తలనొప్పి. ఒడియాలో వ బదులు బ రాసే అలవాటు వల్ల పాస్‌బుక్‌లో వెంకటలక్ష్మి కాస్తా బెంకటలక్ష్మి అయి ఉంటుంది. యాడ్‌సెన్స్ ఖాతాలో మీరు సరైన పేరు ఇస్తారు, బ్యాంకువాళ్ళకు కలవదు. పాస్‌బుక్‌లో ఏ అక్షరాలుంటే అవే ఇవ్వండి, లేదా ముందు బ్యాంకులో దిద్దించుకోండి. చిన్న బ్రాంచీలకు స్విఫ్ట్ కోడ్ (విదేశాల నుంచి డబ్బు రావడానికి బ్యాంకును గుర్తించే కోడ్) ఉండదు, విదేశీ చెల్లింపులు చూసే బ్రాంచి కోడ్ అడిగి తీసుకోండి.

యాడ్స్.టీఎక్స్‌టీ (మీ సైటులో ప్రకటనలు అమ్మే అనుమతి ఎవరికుందో చెప్పే చిన్న ఫైలు) హెచ్చరిక, ట్యాక్స్ ఫారం నింపకపోవడం, ఇంకొకరి ఫొటో వాడినందుకు వచ్చే ఫిర్యాదు, ఇలాంటివీ కొందరికి ఎదురవుతాయి. వచ్చినా నోటీసులోనే ఏం చేయాలో రాసి ఉంటుంది, చదివి అలాగే చేయండి.