బొగ్గు లెక్కలు చదవడం, 4వ పాఠం: తవ్వినదెంత, కాల్చినదెంత

గత పాఠంలో గని ముఖద్వారం దగ్గరి తూకపు చిట్టాను చదవడం నేర్చుకున్నాం. ఆ చిట్టా నుంచి ఒక ప్రాంతం నిజంగా కాల్చిన బొగ్గును రాబట్టడం ఈ పాఠం పని. ఉదాహరణకు అమెరికాలో 1868లో ఏర్పడి 1890లో రాష్ట్రమైన వయోమింగ్ టెరిటరీనే (ఇంకా రాష్ట్ర హోదా రాని ప్రాంతం) తీసుకుందాం. అక్కడ కార్బన్, రాక్ స్ప్రింగ్స్, ఆల్మీ గనులు యూనియన్ పసిఫిక్ రైలుమార్గం వెంట, ప్రధానంగా ఆ రైలు కోసమే పెరిగాయి.

అంకెను ముట్టుకునే ముందు టన్ను ఏదో తేల్చుకోవాలి. షార్ట్ టన్ను 2,000 పౌన్లు, అంటే సుమారు 907 కిలోలు. లాంగ్ టన్ను 2,240 పౌన్లు, సుమారు 1,016 కిలోలు. అప్పటి అమెరికా గనుల్లో చాలాచోట్ల జల్లెడ మీద నిలిచిన పెళ్లలకే కూలి కట్టేవారు కాబట్టి, కింద రాలిన పొడి చిట్టాకెక్కిందో లేదో కూడా చూడాలి. ఆ పొడి పనివాడి చెమటే అయినా అతని ఖాతాలో కనిపించదు.

ఇక లెక్క. తవ్వినదానికి బయటినుంచి వచ్చినది కలిపి, బయటికి పోయినదాన్నీ పెరిగిన నిల్వనూ తీసేయాలి. ఒక ఊహాగని 1,000 లాంగ్ టన్నులు తవ్విందనుకుందాం. అది 1,120 షార్ట్ టన్నులు. బయటినుంచి ఏమీ రాలేదు, 300 బయటికి పోయింది, నిల్వ 40 పెరిగింది, కనుక వినియోగం 780. అందులో రైలింజన్లకు 600, గని బాయిలర్లకు 50 పోగా ఇళ్లకూ దుకాణాలకూ మిగిలేది 130. ఊళ్లో 260 మంది ఉంటే తలకు అర టన్ను. తవ్వినదంతా జనాభాతో భాగించేవారికి తలకు 4.3 టన్నులు వస్తుంది. 1870 జనగణనలో 9,118 మందే ఉన్న వయోమింగ్ విషయంలో ఈ పొరపాటు మరీ పెద్దదవుతుంది. పైగా వయోమింగ్ పశ్చిమపు అంచున ఉన్న ఎవాన్‌స్టన్‌లో ఇంజను నింపుకున్న బొగ్గు పొరుగున ఉన్న యూటాలో కాలవచ్చు. దాన్ని ఏ ఖాతాలో వేశారో తప్పక రాసుకోండి.

అంకె పడిపోయిన ప్రతిసారీ గిరాకీ తగ్గిందని అనుకోకూడదు. 1885 సెప్టెంబరు 2న రాక్ స్ప్రింగ్స్‌లో 28 మంది చైనా కార్మికులను చంపి, మిగిలినవారిని తరిమేశారు. ఆ నెల చిట్టాను ఈ సంగతి పక్కన పెట్టుకునే చదవాలి.

అభ్యాసం: పై 1,000 టన్నులు షార్ట్ టన్నులేనని తేలితే ఇళ్లకూ దుకాణాలకూ మిగిలేదెంత? మంచు పడే ఊరికి ఆ మిగులు నమ్మదగినదేనా?