హైదరాబాద్‌లో పిల్లలున్న కుటుంబాలు సర్కారు సాయం అందుకోవడం ఎలా?

సాయం అందని ఇళ్లను దగ్గరగా చూస్తే చాలాసార్లు ఒకటే చిక్కు కనిపిస్తుంది. బర్త్ సర్టిఫికెట్‌లో పాప పేరు ఒకలా, ఆధార్‌లో మరోలా, బడి రికార్డులో ఇంకోలా ఉంటుంది. అర్హత ఉన్నా దరఖాస్తు తిరిగొస్తుంది. అందుకే ఏ పథకానికి పరుగెత్తే ముందైనా కాగితాలు వరుసలో పెట్టుకోండి. ఆ వరుస బిడ్డ పుట్టిన రోజు నుంచే మొదలవుతుంది.

ముందు పేరు, ఆ తర్వాతే కాగితం

జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయిస్తే రుసుము ఉండదు. ఆస్పత్రిలో పుడితే వివరాలు ఆస్పత్రివాళ్లే పంపుతారు. మీరు చేయాల్సిందల్లా డిశ్చార్జికి ముందే ఆ ఫారం అడిగి చూడడం. అమ్మానాన్నల పేర్లు వాళ్ల ఆధార్‌లో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా ఉండాలి.

మన ఇళ్లలో బారసాల అయ్యేదాకా పేరు ఖాయం కాదు. కాబట్టి పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు. ఏడాదిలోపు పేరు చేర్పిస్తే రుసుము లేదు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు రుసుముతో చేర్చుకోవచ్చు గానీ, అంతదాకా లాగకండి. 2023 అక్టోబర్ 1న గాని, ఆ తర్వాత గాని పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా చెల్లేది బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే. బడిలో చేర్పించాలన్నా, ఆధార్ తీయాలన్నా, పాస్‌పోర్టుకైనా అదే అడుగుతారు.

పేరు చేర్పించే ముందు ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఇంటిపేరు ముందు రావాలా, వెనక రావాలా? పూర్తిగా రాయాలా, పొడి అక్షరం చాలా? ఇంగ్లిష్ అక్షరాల్లో ఎలా రాస్తారో ఒక కాగితం మీద రాసి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. మీసేవలో, బ్యాంకులో, బడిలో నోటితో చెప్పకుండా ఆ ఫొటోనే చూపించండి. టైపు చేసేవాళ్లు విన్నది కొడతారు, సరిదిద్దించుకోవడానికి తిరగాల్సింది మనమే.

ఆధార్, రేషన్ కార్డు

బర్త్ సర్టిఫికెట్ చేతికి రాగానే బాల ఆధార్ తీయించండి. ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు. తల్లిదండ్రుల్లో ఒకరు తమ ఆధార్‌తో వెళ్తే చాలు, నమోదు ఉచితం. ఐదేళ్లు నిండాక వేలిముద్రలు, కంటిపాప స్కాన్ ఇవ్వడం మాత్రం మరవకండి. ఏడేళ్లు దాటినా ఇవ్వకపోతే ఆ ఆధార్ నిలిచిపోవచ్చు. స్కాలర్‌షిప్ సమయంలో చాలామంది పిల్లలు ఇరుక్కునేది ఇక్కడే. పదిహేనేళ్లకు మళ్లీ ఒకసారి ఇవ్వాలి.

తర్వాత మీసేవలో బిడ్డ పేరును రేషన్ కార్డులో చేర్పించండి. తెలంగాణలో ఆహార భద్రత కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోల బియ్యం వస్తాయి. 2025 ఉగాది నుంచి సన్నబియ్యమే ఇస్తున్నారు. బియ్యం కన్నా పెద్ద లాభం ఆరోగ్యశ్రీ. 2023 డిసెంబర్ 9న దాని పరిమితిని కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. పుట్టుకతో వచ్చే గుండె జబ్బులకు చేసే ఆపరేషన్లూ అందులో ఉన్నాయి. బిడ్డ ఆస్పత్రి పాలైన రోజున పేరు చేర్పించడానికి పరుగులు పెట్టే తల్లిదండ్రుల అవస్థ చూడలేం. ఆ పని ముందే చేసుకోండి. ఆరోగ్యశ్రీ సందేహాలకు 104కు ఫోన్ చేయవచ్చు.

అంగన్‌వాడీకి కార్డు అక్కర్లేదు

ఇది మాత్రం ఏ కాగితం కోసమూ ఆగకుండా చేయాల్సిన పని. అంగన్‌వాడీ సేవలకు తెల్లకార్డు ఉండాలన్న షరతు లేదు. పని కోసం ఊరొదిలి నగరానికి వచ్చి ఉంటున్న కుటుంబాలూ చేరవచ్చు. తల్లి ఆధార్, ఫోన్ నంబర్ పట్టుకుని మీ బస్తీ అంగన్‌వాడీ టీచర్ దగ్గరికి వెళ్లండి. కేంద్రం ఎక్కడుందో తెలియకపోతే ఆశా కార్యకర్తను గాని, దగ్గరి బస్తీ దవాఖానాలో గాని అడగండి.

గర్భిణులకు, బాలింతలకు 2015 జనవరి 1 నుంచి అమలవుతున్న ఆరోగ్యలక్ష్మి కింద అన్నం, పప్పు, కూర, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలతో ఒక పూట భోజనం పెడతారు. ఏడు నెలల నుంచి మూడేళ్ల పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ప్యాకెట్, 16 గుడ్లు ఇస్తారు. బాలామృతంలో వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. అది ఆ బిడ్డ కోసమే. ఇంటిల్లిపాదీ పంచుకుంటే పసివాడికి దక్కేది చెంచాడే. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడే భోజనం, ఆటపాటలతో చదువు. బరువు తూచినప్పుడు అంకె అడిగి రాయించుకోండి. రెండు మూడు నెలలు బరువు కదలకపోతే దవాఖానాకు వెళ్లాల్సిందే.

టీకాలన్నీ పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో ఉచితం, సాధారణంగా బుధ, శనివారాల్లో వేస్తారు. టీకాల కార్డు పారేయకండి.

తండ్రి లేని పిల్లలకు నెలకు 4,000

అర్హులకే తెలియని పథకం ఇది, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. మిషన్ వాత్సల్య కింద కష్టంలో ఉన్న బిడ్డకు 18 ఏళ్లు నిండేదాకా నెలకు 4,000 రూపాయల వరకు సాయం ఇవ్వవచ్చు. తల్లి వితంతువైనా, విడాకులు తీసుకున్నా, కుటుంబం వదిలేసినా పిల్లలకు వర్తిస్తుంది. అమ్మానాన్నలిద్దరూ లేక అమ్మమ్మ దగ్గరో మేనమామ దగ్గరో పెరుగుతున్న పిల్లలకూ, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బుతో ఉన్న పిల్లలకూ వర్తిస్తుంది. నగరంలో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 రూపాయలు దాటకూడదు.

దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఇవ్వాలి. బిడ్డ బర్త్ సర్టిఫికెట్, ఆధార్, చదువుతున్నట్టు బడి ఇచ్చే బోనఫైడ్, తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం, తహసీల్దార్ ఇచ్చే ఆదాయ సర్టిఫికెట్, బ్యాంకు పాస్‌బుక్ సిద్ధం చేసుకోండి. ఇంటికొచ్చి విచారిస్తారు, తర్వాత జిల్లా కమిటీ మంజూరు చేస్తుంది. నిధులను బట్టి ఆలస్యం కావచ్చు. బిడ్డ బడి మానేస్తే సాయం ఆగిపోతుంది.

వైకల్యం ఉన్న పిల్లలకు దారి వేరు. 40 శాతం (వినికిడి లోపమైతే 51 శాతం), అంతకు మించి వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ తీసుకుంటే వయసుతో పని లేకుండా ఆసరా పింఛను అడగవచ్చు. 2023 జులైలో దాన్ని 4,016 రూపాయలకు పెంచారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు నిరామయ బీమాలో లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు వస్తుంది. మాటలు రావడం లేదనో, పిలిస్తే పలకడం లేదనో అనుమానం ఉంటే, ‘మెల్లగా వస్తాయిలే’ అని పెద్దవాళ్లు ఎంత ధైర్యం చెప్పినా ఆగకండి. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్‌నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే కేంద్ర సంస్థ నీపిడ్‌లో చూపించండి.

బడి

పుట్టిన తేదీ రుజువు లేదనో, టీసీ ఇంకా రాలేదనో 6 నుంచి 14 ఏళ్ల పిల్లలను సర్కారు బడిలో చేర్చుకోకుండా ఉండకూడదు. విద్యాహక్కు చట్టమే ఆ మాట చెబుతోంది. పుస్తకాలు, రెండు జతల యూనిఫాం, మధ్యాహ్న భోజనం ఉచితం. గురుకులంలో ఐదో తరగతి సీటు కావాలంటే బిడ్డ నాలుగో తరగతిలో ఉండగానే కుల, ఆదాయ సర్టిఫికెట్లు తీసి ఉంచండి. నగరవాసులకు ఆదాయ పరిమితి 2 లక్షలు.

ఏ ఆఫీసుకు వెళ్లాలి?

మనం అందరం హైదరాబాద్ అనే అంటాం గానీ నగరం ఒక్క జిల్లాలో లేదు. కూకట్‌పల్లి, ఉప్పల్ మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వస్తాయి. ఎల్బీనగర్, శేరిలింగంపల్లి రంగారెడ్డి జిల్లా. రంగారెడ్డి కలెక్టరేట్ కొంగరకలాన్‌లో, మేడ్చల్ కలెక్టరేట్ శామీర్‌పేట మండలంలో ఉన్నాయి. కూలి పోగొట్టుకుని, బిడ్డను చంకనేసుకుని అంతదూరం వెళ్లాక ‘మీది ఈ జిల్లా కాదు’ అనిపించుకోకండి. ఆధార్‌లోని చిరునామా ఏ మండలంలో ఉందో ముందే చూసుకోండి.

దరఖాస్తు ఇచ్చిన ప్రతిచోటా రసీదు, నంబర్ తీసుకోండి. రసీదు లేని రుసుము ఎవరడిగినా ఇవ్వకండి. పని కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి వెళ్లండి. బేగంపేట ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో అర్జీలు తీసుకుంటారు. అర్జీకి పాత రసీదు జిరాక్స్ జతచేసి, ఏ తేదీన ఎవరికిచ్చారో మొదటి రెండు వాక్యాల్లోనే రాయండి.

బిడ్డను ఎవరైనా కొడుతున్నా, పనిలో పెట్టినా, పెళ్లి చేయాలని చూస్తున్నా ఇవేవీ అక్కర్లేదు. బాలల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఏ వేళైనా పలుకుతారు, పక్కింటివాళ్లయినా చేయవచ్చు.