మృగశిర కార్తెలోపే ఓసీలో నీళ్ల పని ముగించాలి

సింగరేణి బెల్టులో 20 ఏళ్లకు పైగా ఓవర్‌మన్‌గా, అంటే షిఫ్టులో పని చూసుకునే సూపర్‌వైజర్‌గా చేశాను. కొత్తగా చేరిన సర్దార్లకు (ఓవర్‌మన్ కింది సూపర్‌వైజర్లు), ఓవర్‌మన్‌లకు నేను మొదట చెప్పేది నీళ్ల గురించే. ఓపెన్‌కాస్ట్‌లో, అంటే నేలను పైనుంచి తెరిచి బొగ్గు తవ్వే ఓసీ గనిలో, నీళ్లకు మనం దారి చూపించకపోతే అవే దారి చేసుకుంటాయి. బెంచీ (మెట్టులా తవ్విన అంచు), మట్టి గుట్ట, హాల్ రోడ్డు (డంపర్లు తిరిగే దారి) అన్నీ కోసేస్తాయి.

ఏప్రిల్‌లోనే గని చుట్టూ నడిచి రండి. జీపులో తిరిగితే కాలువల పూడిక కంటపడదు. బయటి వాన గుంతలోకి దిగకుండా అంచు వెంట తవ్వేది గార్లాండ్ డ్రెయిన్. దాని వాలు సరిగా ఉందో లేదో తెలియాలంటే ఒక ట్యాంకర్ నీళ్లు వదిలి చూడండి, ఎక్కడ ఆగాయో అక్కడ తవ్వించండి. ఆ నీళ్లను నేరుగా వాగులో కలపొద్దు. ముందు చెరువులాంటి గుంతలో నిలబెట్టి, మట్టి అడుగుకు దిగాక వదలాలి. లేకపోతే ఆ బురదంతా దిగువ రైతు నారుమడిలో చేరుతుంది.

లోపలి నీళ్లకు లెక్క వేసుకోండి. 50 హెక్టార్ల గుంతలో 10 సెంటీమీటర్ల వాన పడితే 50,000 ఘనపు మీటర్ల నీళ్లు. గంటకు 300 ఘనపు మీటర్లు తోడే పంపులు నాలుగు ఆపకుండా నడిపినా సుమారు 42 గంటలు పడుతుంది. ఒకటి చెడిపోతే 56. అందుకే స్పేర్ పంపు షెడ్డులో కాకుండా సంపు (గుంత అడుగున నీళ్లు చేరే గొయ్యి) దగ్గరే ఉండాలి.

నాకు అన్నిటికంటే భయం ఓబీ గుట్టలంటేనే. ఓబీ అంటే బొగ్గు పైనుంచి తీసి పోసే మట్టి, రాయి (ఓవర్‌బర్డెన్). వాలు 37.5 డిగ్రీలు దాటకూడదని, ఎత్తు 30 మీటర్లు మించితే బెంచీలు కట్టాలని నిబంధన. ఆ బెంచీలు లోపలికి వాలి ఉండాలి, నీళ్లు అంచు మీదుగా కాకుండా వెనక కాలువలోంచి దిగాలి. 2016 డిసెంబర్ 29న జార్ఖండ్‌లోని లాల్‌మటియాలో ఓబీ జారి 23 మంది చనిపోయారు. అది వానాకాలం కూడా కాదు.

గుట్ట మీద పగులు కనిపిస్తే రెండు వైపులా మేకులు కొట్టి, షిఫ్టుకోసారి టేపుతో కొలిచి రాసిపెట్టండి. ఒకసారి సాయంత్రం పెన్ను పట్టేంత ఉన్న పగులు పొద్దున్నే నా పిడికిలి పట్టేంత అయింది. లోపలి నుంచి చల్లటి గాలి తగిలింది. కింద తవ్వుతున్న షావెల్ యంత్రాన్ని, మనుషులను వెంటనే బయటికి రప్పించాం. మధ్యాహ్నానికి అంచు దిగబడింది. పగులును మట్టితో కప్పి మర్చిపోయేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ టెన్షనే.

గుట్ట కుదురుకున్నాకే మొక్కల పని. గని తెరిచినప్పుడు తీసిన పైమట్టిని వేరుగా, తక్కువ ఎత్తులో పోసి ఉంచాలి. ఎత్తుగా పోస్తే అడుగున గాలాడక ఆ మట్టి చచ్చిపోతుంది. డంపర్లు తొక్కిన నేల సిమెంటులా గట్టిపడుతుంది కాబట్టి, ముందు డోజర్ వెనక ఉండే రిప్పర్ కొక్కెంతో చీల్చి ఆ పైమట్టి పరచండి. వాలు మీద మొదట స్టైలో గడ్డి చల్లండి, వేర్లు మట్టిని పట్టుకుంటాయి. తర్వాత కానుగ, వేప, నేరేడు, వెదురు. ఒక్క యూకలిప్టస్‌తో నింపేసి పచ్చగా ఉందనుకోవద్దు, పిట్ట కూడా వాలదు. నాటడం జూలైలో చేయండి. మేకలు రాకుండా కంచె వేయించి, రెండో వేసవి దాటేదాకా నీళ్ల ట్యాంకర్ ఆపకండి.